దేవవ్వ బొటనవేలు

డాక్టర్ గిరిబాబు గారికి తెలియని వైరస్ లేదు. గబ్బిలంలో ఏది దాక్కుంటుందో, పందిలో ఏది పెరుగుతుందో, అక్కణ్ణుంచి మనిషి మీదికి ఏది దూకుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పగలరు. పాతికేళ్ల పరిశోధన, తొంభై పేపర్లు, బీరువా నిండా శాలువాలు. వైరస్‌లకు ఓటుహక్కు ఉంటే ఈపాటికి ఆయన ఎమ్మెల్యే.

అంతటి మనిషికి పేరు తెచ్చింది ఒక బొటనవేలు. పద్దెనిమిదేళ్ల కింద కోటగిరి దగ్గర ఒక ఊళ్లో బర్రెల పొదుగుల మీద పొక్కులు లేచాయి. పాలు పిండిన ఒకావిడ వేలి మీదా లేచాయి. రెండూ గీక్కొచ్చి, రెంటిలోనూ ఉన్నది ఒకే వైరస్ అని ఆయన తేల్చారు. కొడవలి దెబ్బకు గోరు నిలువునా చీలిన ఆ వేలి ఫోటోను బ్యాంకాక్‌లో చూపించారు, జెనీవాలో గోడంత తెర మీద చూపించారు. ఆ వేలికి ఒక మనిషి కూడా ఉండే ఉంటుంది కదా అని ఏ సభలోనూ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఫోటోలో పట్టలేదు మరి.

ఇప్పుడు అదే ఊళ్లో మళ్లీ పొక్కులు లేచాయి. ఇన్నేళ్లలో వైరస్ ఎంత మారిందో తేలిస్తే ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు నడుస్తుంది. లేకపోతే మార్చిలో ల్యాబ్‌కు తాళం. అందుకే నిజామాబాద్‌లో టిఫిన్ కూడా చేయకుండా, బోధన్‌లో చెరకు ట్రాక్టర్ల వెనక విసుక్కుంటూ, ఐసు పెట్టెతో సహా వచ్చి దిగారు. ఆయన పుట్టిన, కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపు అక్కడికి పది కిలోమీటర్లే. అయినా ఈ ఊరికి రావడానికి వైరస్ పిలవాల్సి వచ్చింది.

పశువుల డాక్టరు చూపించిన ఇల్లు దేవవ్వది. కొట్టంలో బర్రె, దాని పొదుగు నిండా ఎండిన పొక్కులు. చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది.

"రెండు నిమిషాల పనండీ. పొక్కు మీద ఎండిన చిన్న చెక్కు తీసుకుని వెళ్లిపోతాను," అన్నారు.

డెబ్బై ఏళ్ల దేవవ్వ గడ్డి వేస్తూ తలెత్తలేదు. "పోయినసారి గూడ రెండు నిమిషాలే అన్నవు సారూ."

"పోయినసారా?"

"నా మన్మడు పుట్టిన యేడు. బర్రెది తీస్కున్నవు, నాది తీస్కున్నవు. రిపోర్టు పంపుతనన్నవు. రాలె."

"నేను కాదేమోనమ్మా. చాలామంది వస్తుంటారు."

దేవవ్వ గడ్డి పక్కన పడేసి చెయ్యి చాపింది. నిలువునా చీలిన గోరు! మనిషిని గుర్తుపట్టని ఆయన వేలిని ఇట్టే పట్టేశారు. ఆ మాత్రం పరిశీలన లేనిదే శాస్త్రవేత్తలు ఊరికే అవుతారా?

"నిజామాబాద్ల పొద్దుగాల రక్తమిస్తే మాపటికి రిపోర్టిస్తరు. నీది పద్దెనిమిదేండ్లాయె. గదేం రోగమో ముందుగాల చెప్పు. చెప్పినంకనే బర్రె మీద చెయ్యెయ్యి."

తొంభై పేపర్లలో రాసిన సంగతే. తెలుగులో ఎన్నడూ చెప్పలేదు. చెప్పబోతేగాని అదెంత చిన్న సంగతో ఆయనకు తెలియలేదు. "బర్రెలకు వచ్చే అమ్మతల్లి లాంటిదమ్మా. ప్రాణానికేం కాదు. పుండ్లు శుభ్రంగా ఉంచి, చేతులు సబ్బుతో కడుక్కుంటుంటే మూడు నాలుగు వారాల్లో దానంతటదే మానుతుంది."

"గంతేనా?"

"అంతే."

"నీకెప్పుడెరుకైంది?"

తొమ్మిదో రోజున. ఆయనకు బాగా గుర్తు, ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ బిర్యానీ తెప్పించారు. అబద్ధమాడదామనుకున్నారు గాని నోరు రాలేదు. "తొమ్మిది రోజులకమ్మా."

దేవవ్వ గడ్డిమోపు మీద కూర్చుంది. "పదిహేను దినాలు సూసిన. పట్నం సారు కాయితం రాలేదంటే చెప్పరాని రోగమే అన్నరు ఊరంత. పసిపోరనికి అంటుకుంటదన్నరు. పదహారో దినం నా చుక్కబర్రెను అంగడికి తోలి కసాయోనికి కోతకిచ్చిన. ఎనక్కి సూసుకుంట సూసుకుంట పోయింది సారూ."

గిరిబాబు గారు సిగ్గుతో చితికిపోయారు. "తప్పయిపోయిందమ్మా," అన్నారు. ఆ మాట ఆయన ఏ పేపర్లోనూ రాయలేదు.

దేవవ్వ లేచి బర్రె తాడు పట్టుకుంది. "తీస్కో. దీని సంగతన్న తెల్వాలె గద."

ఆయన చెక్కు గీకి సీసాలో వేసి, పెట్టె మూసి, కారెక్కబోయారు. దేవవ్వ అడ్డం వచ్చి, ఆయన మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు పట్టుకుంది.

"గిది ఈడ పెట్టిపో. రిపోర్టు దెచ్చి తీస్కపో."

"అయ్యో, అది లేకపోతే మా గేటు దగ్గర నన్నెవరూ గుర్తుపట్టరమ్మా!"

"నువ్వు నన్ను గుర్తువట్టినవా సారూ?"

ఆయన మెడలోంచి కార్డు తీసి, ఆ చీలిన గోరున్న చేతిలో పెట్టారు.