కుట్టేసిన జేబులు

మా షాపులో విందుల బట్టలు అద్దెకిస్తాం. నల్ల కోట్లు, మెడకి కట్టుకునే బో టైలు, నేల తాకే గౌన్లు. కౌంటరు దగ్గర కూర్చునేది మా యజమానురాలు. ఊడిన గుండీ, చిరిగిన లైనింగు, జారిన అంచు నా వంతు. లోపలి గదిలో కిటికీ పక్కన నా మిషను. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని సూదిలో దారం ఎక్కించానంటే సాయంత్రం దాకా తల ఎత్తను.

పనిలో చేరిన రోజే ఆవిడ నా దగ్గర ఒక మాట తీసుకుంది. "బయట ఎవరి ఒంటిమీద మన బట్ట కనబడినా నువ్వు గుర్తుపట్టకూడదు. కళ్లతో కూడా." దేవుడి మీద ఒట్టేశాను. నల్ల కోట్లు వేసుకునే చోటికి నన్నెవరు పిలుస్తారులే అనుకున్నాను.

పిలిచారు. మా అక్క కూతురు ఒకబ్బాయిని ఇష్టపడింది. రెండు కుటుంబాలూ మొదటిసారి కలుసుకోవడానికి అబ్బాయి వాళ్లు సాయంత్రం విందు పెట్టారు. పిలుస్తూ, మగవాళ్లకి నల్ల కోట్లు, ఆడవాళ్లకి పొడుగు గౌన్లు అని కూడా చెప్పారు. మా అక్క గుండెల్లో రాయి పడింది.

"బాగా ఉన్నవాళ్లన్నమాట," అంది నాతో. "అక్కడికెళ్లాక వాళ్లు మనకంటే గొప్పవాళ్లని తేలిందో, ఈ సంబంధానికి నేను ఒప్పుకోను. నా పిల్ల ఆ ఇంట్లో జీవితాంతం తల దించుకుని బతకాలా?"

"ఆ మాట అమ్మాయితో అన్నావా?"

"అన్నాను. అప్పట్నించి నాతో మాట్లాడ్డం మానేసింది."

మా షాపు నుంచే అందరికీ బట్టలు తెచ్చాను. మా ఆయనకి ఆ వారం రాత్రి డ్యూటీ పడింది కాబట్టి బతికిపోయాడు. దొరికినవాడు మా బావ. ఆయన రంగుల షాపులో రంగులు కలుపుతాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "నన్ను చూస్తే నాకే లేచి నిలబడాలనిపిస్తోంది," అన్నాడు. రుమాలు జేబులో పెట్టుకోబోతే చెయ్యి దిగలేదు.

"ఇదేంటి మరదలా, ఉత్తుత్తి జేబా?"

"నేనే కుట్టేశాను బావా. జేబుల్లో తాళాలూ ఫోన్లూ కుక్కి కోటు ఆకారం చెడగొడుతున్నారని మా షాపులో అన్ని కోట్లకీ ఇలాగే మూసేస్తాం. పైకి కనపడదు."

"రైలెక్కించి సీటు పీకేసినట్టుంది. నాది విప్పెయ్యి."

"కుదరదు. మా యజమానురాలు ఒప్పుకోదు."

సణుక్కుంటూ రుమాలు చొక్కా చేతి మడతలో దోపుకున్నాడు.

విందు ఒక చిన్న అద్దె హాల్లో. గుమ్మంలో అబ్బాయి తల్లి నీలం గౌనులో నిలబడి ఉంది. ఆ గౌను భుజం మీద పూసలు ఊడిపోతే, అదే రంగువి దొరక్క కాస్త ముదురు రంగువి వేసి కుట్టింది నేనే. గబుక్కున చూపు నేలకి దించేశాను.

మా అక్క మాత్రం చూపు తిప్పుకోలేదు. "రాణీగారిలా లేదూ?" అంది నా చెవిలో, నీరసంగా.

"ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?" అని అడిగింది అబ్బాయి తల్లి. మేం పక్క వీధిలో బస్సు దిగి నడిచొచ్చాం.

"చాలా సుఖంగా జరిగిందండీ," అంది అక్క.

ఆ తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. అదీ అయిపోయింది. అందరూ కోటు మీద మరక పడుతుందేమోనని చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. అక్క నా వైపు వంగింది. "తలనొప్పని చెప్పి లేచిపోదాం. ఇది మనకి కుదిరేది కాదు."

బల్లకి అవతల అమ్మాయి మా ఇద్దర్నీ చూస్తోంది. మాటలు వినబడకపోయినా అర్థమైనట్టుంది. కళ్లు నిండిపోయాయి.

ఆ గౌను మా షాపుదే అని ఒక్క మాటంటే చాలు. కానీ ఒట్టేశాను. ఒట్టు నిలబెట్టుకోమంటాడు దేవుడు. పిల్ల ఉసురు పోసుకోమని మాత్రం అంటాడా? రెండూ ఒకేసారి ఎదురైతే ఏం చెయ్యాలో నేను విన్న ఏ ప్రవచనంలోనూ చెప్పలేదు. "స్వామీ, నువ్వే ఏదో ఒకటి చూడు," అని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అందర్నీ ఫోటోకి లేపుతున్నారు.

"పెద్దాయనా, మీ కళ్లజోడు మెరుస్తోంది, తీసేయండి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

అబ్బాయి తండ్రి కళ్లజోడు తీసి జేబులో పెట్టబోయాడు. జారింది. రెండో జేబు చూశాడు. లోపలి జేబు తడిమాడు. ఛాతీ అంతా తడుముకుంటున్న ఆయన్ని చూసి మా బావ కంగారుపడ్డాడు. "ఏమైందండీ, గుండెనొప్పా?"

"అబ్బే, లేదండీ," అన్నాడాయన. నుదురంతా చెమట. భార్య కళ్లతోనే కసిరింది.

చూస్తూ ఊరుకోలేకపోయాను. గుర్తుపట్టకూడదన్నారు గానీ సాయం చెయ్యకూడదని అనలేదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, చేతిసంచిలోంచి బుల్లి కత్తెర తీశాను. ఆయన్ని గోడవైపు తిప్పి, "కదలకండి అన్నయ్యగారూ," అని జేబు కుట్టు తెంపాను. దారం ఒక్క లాగుకి వచ్చేసింది. ఎవరూ చూడలేదనుకున్నాను.

బావ చూశాడు.

"ఇది అన్యాయం మరదలా!" హాలంతా దద్దరిల్లింది. "నేనడిగితే కుదరదన్నావు, ఆయనది మాత్రం విప్పుతావా? నాదీ విప్పు!"

అందరూ మా వైపు తిరిగారు. ఫోటోగ్రాఫరు కూడా కెమెరా దించేశాడు.

"అన్నయ్యగారూ, మీ కోటుకి కూడా జేబులు కుట్టేసున్నాయా?" అంది అబ్బాయి తల్లి, మెల్లిగా.

"మీవారిది కూడానా?" అంది అక్క.

"ఆయన కోటే కాదండీ, ఈ గౌను కూడా అద్దెదే. వేసుకున్నప్పట్నించి సగం ఊపిరే తీసుకుంటున్నాను."

"మరి ఎందుకండీ ఇదంతా?"

"మీ కోసమేనండీ! మీ అమ్మాయి ఫోన్లో మీవారి ఫోటో చూశాం. నల్ల కోటు, మెడకి బో. మీ ఇంట్లో మామూలుగా ఇలాగే తిరుగుతారేమోనని..."

"ఆ ఫోటోనా!" బావ నెత్తి కొట్టుకున్నాడు. "మా ఓనరుగారబ్బాయి పెళ్లి విందులో తీసిందండీ. ఆ కోటు ఓనరుగారిదే. ఫోటో అవగానే లాగేసుకున్నారు."

అబ్బాయి తండ్రి మెడకున్న బో పీకేశాడు. "నేను నీళ్ల మీటర్లు చూసేవాణ్ణి బావగారూ. ఇంతసేపూ నా పీకకే మీటరు బిగించినట్టుంది!"

ముందు నవ్వింది ఎవరో తెలీదు. పూసలు రాలతాయేమోనని నాకు భయమేసేలా నవ్వింది అబ్బాయి తల్లి. తర్వాత నా వైపు తిరిగింది. "ఇంతకీ మీకు ఆ కుట్టు ఎలా తెలిసిందమ్మా? ఆ షాపులో మీరేనా...?"

"నేనెవర్నీ గుర్తుపట్టలేదండీ," అన్నాను నేల చూస్తూ. మళ్లీ నవ్వులు.

అక్క మాత్రం నవ్వు ఆపి ఆవిడనే చూస్తోంది. వచ్చిన దగ్గర్నించీ ఆవిడని "మీరు, అండీ" అనడమే గానీ ఏ వరసా కలపలేదు. ఇప్పుడు తన పక్క కుర్చీ లాగింది.

"ముందు ఆ వెనక హుక్కులు వదులు చేయించుకుని కూర్చోండి, భోజనాలు చల్లారిపోతున్నాయి," అంది. "పెళ్లికి మాత్రం మనిద్దరం ఊపిరాడే బట్టలే వేసుకుందాం వదినగారూ."

ఆ మాట బల్లకి అవతల వినబడింది. అమ్మాయి గిరుక్కున తిరిగిన ఊపుకి పక్కనున్న కుర్చీ వెనక్కి పడిపోయింది. "అమ్మా!" అంటూ గౌను మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, బల్ల చుట్టూ పరిగెత్తుకొచ్చింది.