కెప్టెన్ తుంటి ఎక్స్‌రే

ఎక్స్‌రే చూసేటప్పుడు నాతో ఎవరూ మాట్లాడకూడదు. బందరులో కుక్కలున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, తెలియని వాళ్లకి ఒకసారి తిట్లు తిన్నాక తెలుస్తుంది. కిటికీలకు పరదాలు దించి, ఫ్యాను ఆపి, తెర ముందు ఒక్కదాన్నే కూర్చుంటాను. కాసేపటికి గది ఉండదు, రోడ్డు మీద ఆటోల చప్పుడు ఉండదు. బూడిదరంగు వెలుతురులో ఎముకలు మాత్రం తేలుతూ ఉంటాయి. "ఉమా, నువ్వు కళ్లు తెరుచుకునే నిద్రపోతావే" అనేది మా అమ్మ. పాతికేళ్ల డాక్టరీలో సగం ఆ నిద్రలోనే గడిచింది.

ఆ డిసెంబరు పొద్దున పదయినా మంచు విడలేదు. అవనిగడ్డ నుంచి ఒక ఆటో వచ్చి మా ఆసుపత్రి ముందు ఆగింది. ముందు రమణమ్మ గారు దిగారు. అవనిగడ్డ అవతల ఒక ఆరోగ్య కేంద్రంలో ఆవిడ ముప్ఫై ఏళ్లుగా నర్సు. వెనక సీట్లో, దుప్పటి మీద, ఆవిడ కుక్క కెప్టెన్. నాలుగేళ్ల లాబ్రడార్, దాదాపు నలభై కిలోలు. నన్ను చూసి ముందుకాళ్ల మీద లేచాడు గానీ వెనక భాగం రాలేదు. మా కాంపౌండరు ఎల్లయ్య గారూ ఆటో డ్రైవరూ కలిసి దుప్పటితో సహా మోసుకొచ్చారు.

"నెల నుంచి ఇంతేనండీ. నడుం కింద తువ్వాలు వేసి లేపితేగానీ లేవడు" అన్నారు రమణమ్మ గారు. "బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజక్షన్ చేయించెయ్యమని మావాళ్లంతా ఒకటే గొడవండీ. ఎముకలు పాడైపోయాయంటే మీరే చేసెయ్యండి. ఇవాళే చేసెయ్యండి. మళ్లీ ఇంకోరోజు ఇందుకోసం వాణ్ణి ఆటో ఎక్కించడం నావల్ల కాదండీ."

ఆవిడ ఏడవలేదు. వాడి చెవి నిమురుతూ నిలబడ్డారు.

మత్తిచ్చి వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టాం. పెద్ద కుక్కలకి తుంటి ఎక్స్‌రే తీయడం అంత తేలికేం కాదు. వెనకకాళ్లు రెండూ సమానంగా చాపి, మోకాళ్లు కాస్త లోపలికి తిప్పి కట్టాలి. నడుం కొంచెం ఒరిగినా ఒక పక్క కీలు బాగున్నట్టూ ఇంకో పక్క పాడైనట్టూ కనబడి మోసం చేస్తుంది. మొదటి ఫిల్ములో అదే జరిగింది. నడుం ఎముకలో అటూ ఇటూ ఉండే రెండు రంధ్రాలూ ఒకేలా ఉండాలి. ఇక్కడ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఎల్లయ్య గారూ, ఇదేం కట్టడమండీ? కుక్క ఇలా ఒరిగిపోయిందేంటి?"

"కళ్లజోడుకి మంచు పట్టిందమ్మా."

"గదిలోకి కూడా వచ్చిందా మంచు? తుడుచుకుని మళ్లీ కట్టండి."

రెండోది తిన్నగా వచ్చింది. అందరినీ బయటికి పంపి తెర ముందు కూర్చున్నాను.

తొడ ఎముక తల తుంటి గుంటలో, గిన్నెలో లడ్డూలా కుదురుగా కూర్చోవాలి. కనీసం సగమైనా లోపల ఉండాలి. కెప్టెన్‌కి రెండు పక్కలా గిన్నెల్లేవు, పళ్లేలున్నాయి. లడ్డూలు అంచుకి జారాయి. అంచుల చుట్టూ ఒరిపిడికి కొత్త ఎముక పేరుకుంది. ఇది ఒక నెలలో వచ్చింది కాదు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ వాడి కీళ్లు వదులే.

ఇంజక్షన్ గురించి ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. అయినా కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. చూస్తూ చూస్తూ ఉంటే ఎముకల చుట్టూ తొడ కండల నీడ కనబడింది. పల్చగా, వాడిపోయి ఉంది. ఎముక పాడవడం పాత సంగతి, కండ కరగడం కొత్త సంగతి. మరి ఈ తుంటితో వీడు నాలుగేళ్లు ఎలా తిరిగాడు? ఆ ప్రశ్న పట్టుకుని ఎంతసేపు అలా తేలుతున్నానో నాకు తెలీదు. పరదా తీసేసరికి మంచు విడి ఎండ వచ్చేసింది.

"రమణమ్మ గారూ, వీడు ఇదివరకు బాగానే నడిచేవాడా?"

"నడవడమేంటండీ, పరిగెత్తేవాడు! ఆగస్టు దాకా రెండు పూటలా మా ఇంటి వెనక కాలవలో ఈదేవాడండీ. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి. లాగినా పైకి వచ్చేవాడు కాదు."

నాకు మొత్తం అర్థమైపోయింది. ఈత వాడి తొడల్లో కండ పెంచింది. జారిపోయే కీళ్లని ఆ కండే ఇన్నాళ్లూ పట్టుకుని ఉంది. కాలవ మానేశాడు, కండ కరిగింది, కీళ్లు వదిలేశాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈత ఎందుకు మాన్పించారండీ? ఏ మహానుభావుడు చెప్పాడు మీకు?"

ఆవిడ ఇబ్బందిగా నేల చూపులు చూశారు.

"మీరేనండీ."

సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి నాకిచ్చారు. గుండ్రటి అక్షరాలు. ఆగస్టు ఇరవై, మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై. చెవిలో చీము. చుక్కలు రెండు పూటలా, ఏడు రోజులు. నీళ్లలోకి దింపరాదు. డాక్టర్ ఉమాశ్రీ గారు, ఫోనులో.

గుర్తొచ్చింది. గుడివాడలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి. ఒక చేతిలో పళ్లెం, ఇంకో చేతిలో ఫోను. చుక్కలు ఎన్నాళ్లు వెయ్యాలో చెప్పాను. నీళ్లు ఎన్నాళ్లు మానాలో చెప్పలేదు. పెరుగన్నం ఎక్కడ చల్లారిపోతుందోనన్నట్టు ఫోను పెట్టేశాను.

"చెవి తగ్గిపోయింది కదండీ?"

"వారంలోనే తగ్గిందండీ."

"మరి తర్వాతయినా దింపాల్సింది."

"డాక్టరు గారు మార్చకుండా ఆర్డరు నేనెలా మారుస్తానండీ? ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ మార్చలేదు. పెరటి గేటుకి తాళం వేశాను. వాడు రోజూ గేటు దగ్గర కూచుని ఏడ్చేవాడు. అయినా తియ్యలేదండీ."

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. ఆవిడ నన్ను నిష్ఠూరమాడితే బాగుండేదనిపించింది. "తప్పు నాదండీ" అన్నాను. ఆ మాట అలవాటు లేక నోట్లో తడబడింది. తుంటి ఇక మారదనీ, మళ్లీ ఈదితే కండ రావచ్చనీ, వస్తుందని మాత్రం ఒట్టేసి చెప్పలేననీ చెప్పాను. నొప్పికి మాత్రలు రాసిచ్చాను. ఇంజక్షన్ మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆదివారం నేనే వాళ్ల ఊరికి బయల్దేరాను. పులిగడ్డ దగ్గర బస్సు కృష్ణ దాటుతుంటే మంచులో నీళ్లు ఎక్కడున్నాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. నేను నిజంగానే వెళ్తున్నానా, తెర ముందే కూర్చుని ఉన్నానా అనిపించింది.

రమణమ్మ గారు చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా గేటు తాళం తీశారు. ఇద్దరం కెప్టెన్ నడుం కింద తువ్వాలు వేసి రేవు దాకా నడిపించాం. నీళ్లు ముందుకాళ్లకి తగలగానే వాడు ఆగిపోయాడు. తల తిప్పి ఆవిడ వైపు చూశాడు. నాలుగు నెలలుగా వద్దు వద్దన్న మనిషి కదా. ఆవిడ నా వైపు చూశారు.

"దిగమనండి" అన్నాను.

"వెళ్లు నాన్నా."

వాడు నీళ్లలోకి జారాడు. తువ్వాలు నా చేతుల్లో మెల్లగా వదులైంది. మంచులో ఒక పసుపు తల, దాని వెనక సన్నటి నీటి గీత. ఆ పాత తుంటి కదులుతోంది. వెనకకాళ్లు రెండూ తన్నుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

పక్కనే రమణమ్మ గారు నోటుపుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడ్డారు.

"ఎన్నాళ్లు దింపమంటారండీ?"

"వాడు బతికినన్నాళ్లూ."

రాసుకున్నారు. కింద టైము వేశారు. పుస్తకం నా వైపు తిప్పి, "ఇక్కడ సంతకం పెట్టండి డాక్టరు గారూ" అన్నారు.

తడి చేతులు చీరకి తుడుచుకుని పెట్టాను.