పొగలేని నిప్పు

ఊదగా ఊదగా బొగ్గుల మీది నలుపంతా పోయి ఇస్త్రీపెట్టె కడుపు ఎర్రగా పండింది. బాబాయ్ తడిపి పిండిన తెల్లగుడ్డను రెండు చేతులా సాగదీసి, తెరిచిన పెట్టె మీద పందిరిలా పట్టుకున్నాడు. గొంతులో ఏదో కూనిరాగం తీస్తూ కాసేపు ఆగి, గుడ్డను తిప్పి చూశాడు. ఒక్క మరక లేదు.

"పాసైపోయావురా," అన్నాడు నిప్పుతో, మూత వేస్తూ.

ఈ పరీక్ష అతనికి తండ్రి నేర్పాడు. పొగ వదిలే బొగ్గు తెల్లచొక్కాకు పగవాడు. పొగ చచ్చిన బొగ్గంత మంచిది లోకంలో లేదు. బొగ్గు గురించి అంతకుమించి తెలుసుకోవలసింది ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే ఘటం కాదు.

వీధికంతా అతను బాబాయే. అతని కంటే పెద్దవాళ్లకూ బాబాయే. పెట్టె ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమదానికంటే దిగింది. నడుస్తుంటే ఎవరో కనపడనివాళ్లు ఆ చేయి పట్టుకుని కిందికి లాగుతున్నట్టుంటుంది. మోచేతి కింద పాత కాలిన మచ్చ ఉంది, పెట్టె ముక్కు ఆకారంలోనే. వేళ్ల చివరలు అరిగిపోయి గాజులా నున్నగా అయ్యాయి. వాటికి వేడి తెలియదు. అతని బడ్డీకి మూడు వైపులా గోడలు లేవు. నాలుగో వైపు గోడకు ఆనుకుని దర్జీ అక్క కుట్టుమిషను. ఆమె అతన్ని బాబాయ్ అంటుంది, అతను ఆమెను అక్కా అంటాడు. ఈ లెక్కన ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చడానికి ఇద్దరిలో ఎవరూ పూనుకోలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ సన్నగా వాన. గాలి బడ్డీలోకి ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోతోంది. బాబాయ్ మొదటి చొక్కా పరిచి, నీళ్లు చిలకరించి, పెట్టె ఎత్తబోయి బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏం బాబాయ్, మొహం అలా నలిగిపోయింది? నీకు నువ్వు ఇస్త్రీ చేసుకోవడం మర్చిపోయావా?" అంది దర్జీ అక్క, దారం కొరుకుతూ.

"తలనొప్పి అక్కా. ఎవరో తలమీద పెట్టె పెట్టి తియ్యడం మర్చిపోయినట్టుంది."

"మొన్న కూడా ఇదే పాట పాడావు."

"కళ్లజోడు మార్చాలి."

"ఇందాక కాలవ దగ్గర వాంతి చేసుకున్నావు. అది కూడా కళ్లజోడు వల్లేనా?"

"ఆ. బరువైన కళ్లజోడు," అని నవ్వాడు. బడ్డీ గాలికి కాసేపట్లో తల తేలికపడింది. ఇంటి నుంచి బయటపడి ఇక్కడ నిలబడితే తగ్గిపోతుందని అతను గమనించాడు. పనే మనిషికి మందు అనే అర్థం తప్ప దానికి ఇంకో అర్థం ఉండవచ్చని అతనికి తోచలేదు.

అందులోనూ ఇవాళ నొప్పి గురించి ఆలోచించే తీరిక లేదు. సాయంత్రం మేనకోడలు వస్తోంది, చంటిదాన్ని ఎత్తుకుని. దాని ఇంటి కప్పు కారుతోందట, మొగుడు లారీ మీద పోయి ఉన్నాడట, వానలు తగ్గేదాకా మావయ్య దగ్గర ఉంటానని కబురు పంపింది. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది బాబాయే, మేడ మీది ఒక్క గదిలో, ఇస్త్రీ బట్టల మూటల మధ్య. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ముడతలు పడతాయని" అనేవాడు. పెళ్లై వెళ్లాక ఆ పిల్ల ఆ గదిలో ఒక్క రాత్రీ పడుకోలేదు. వచ్చేది, కూర్చునేది, పొద్దుగూకే ముందే లేచిపోయేది. గదిలో ఈదురుగాలి, బిడ్డకు పడదు అని చెప్పేది. అది సాకో నిజమో బాబాయ్ ఆరా తీయలేదు. గాలి సంగతి మాత్రం తేల్చేద్దామనుకున్నాడు.

అతని చేతికి తెలియని పనంటూ లేదు. ఇస్త్రీ చేసిన బట్టలతోపాటు సలహా కూడా మడిచి ఇచ్చేవాడు. ఎండిన నిమ్మతొక్కలు గుడ్డసంచిలో కట్టి బీరువాలో వేస్తే పురుగు రాదు. కొవ్వొత్తి ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టె అడుగున రుద్దితే నీళ్లమీద పడవలా జారుతుంది. "ఇది చాలా తేలికమ్మా," అని మొదలుపెడితే చొక్కా చేతిలో పట్టుకుని నిలబడాల్సిందే. కొందరు అతనికి దొరక్కూడదని బట్టలు పిల్లలచేత పంపేవారు.

కిటికీ పని కూడా నాలుగు రోజుల కిందటే అలాగే తేలిగ్గా అయిపోయింది. రెండు చెంచాల మైదాపిండిని చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో సన్నధారగా పోసి, చిక్కబడేదాకా తిప్పి, పురుగు పట్టకుండా చిటికెడు పటిక వేశాడు. పాత కాగితాలు పట్టీలుగా చింపి, జిగురులో ముంచి, కిటికీ సందుల మీద లోపలా బయటా వరసమీద వరస అంటించాడు. గది తల మీది వెంటిలేటరుకూ అంతే. ఆరాక గోటితో కొడితే డప్పులా మోగింది. ఆ రాత్రి నుంచి ఇస్త్రీపెట్టెలో మిగిలిన నిప్పులను పారేయకుండా ఇంటికి తెచ్చుకుంటున్నాడు. పాత రంగుడబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి చేసిన కుంపటిలో పోసి, మంచం పక్కన పెట్టుకుంటున్నాడు. వెచ్చగా ఉంది. రోజూ కాళ్ల దగ్గర పడుకునే వీధిపిల్లి మాత్రం ఆ రాత్రి నుంచే తలుపు గీకి గీకి బయటికి పోతోంది. "సుఖం అలవాటు లేని జాతి," అని దాన్ని తిట్టాడు.

ఇక మిగిలింది తలుపు కింద సందు ఒక్కటే. నాలుగు వేళ్లు పట్టేంత సందు.

మధ్యాహ్నం పని పలచబడ్డాక, పాత పాంటు కాలు ఒకటి తీసి, ఒక చివర కుట్టి, దర్జీ అక్క పారేసిన కత్తిరింపులన్నీ అందులోకి కూరడం మొదలుపెట్టాడు. నిండాక మూతి కుట్టేసి, దాని మీద కళ్లలా రెండు నల్లగుండీలు కుట్టాడు. ఎర్రపీలిక ఒకటి నాలుకలా వేలాడదీశాడు. దర్జీ అక్క నీళ్లు తాగడానికి లేచినప్పుడు దాన్ని ఆమె మిషను కింద, సరిగ్గా కాలు పెట్టే చోట చుట్టచుట్టి పెట్టాడు.

ఆమె వేసిన కేకకు ఎదురు కొట్టులో వాళ్లు బయటికొచ్చారు.

"నీ నోట్లో మన్ను పడ! గుండె ఆగిపోయింది!"

"ఆగిన గుండె ఇంత గట్టిగా అరుస్తుందా?" బాబాయ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "తలుపు కింద పెట్టడానికి అక్కా. పాపకి చలిగాలి రాకుండా. చాలా తేలిక, నీకూ ఒకటి కుట్టిస్తా."

"ఏదో రోజు ఈ వేషాలే నీ ప్రాణం మీదికి తెస్తాయి చూడు." ఆ పామును ఎత్తి అతని మొహాన కొట్టి, కొంచెం శాంతించాక అడిగింది. "గాలంతా మూసేస్తే ఊపిరెలా తీసుకుంటావయ్యా?"

"ముక్కుతో."

చీకటి పడకముందే మేనకోడలు వచ్చింది. గొడుగు ఒక చేత్తో, మూటలాంటి బిడ్డ ఇంకో చేత్తో. బిడ్డ వీధి మొదట్నుంచీ ఏడుస్తూనే ఉంది. బాబాయ్ గది అప్పటికే సిద్ధం. పండ్లపెట్టెలో మెత్తటి గుడ్డలు పరిచి బిడ్డకు ఉయ్యాలలా పక్క వేశాడు. పొయ్యి మీద బంగాళాదుంప, కారెట్టు, మిరియాలు వేసి ఉడికించిన సూపు. ఇవాళ కుంపటిలో నిప్పులు కూడా రెట్టింపు. ఇస్త్రీపెట్టెలోవి చాలవని కొత్త బొగ్గు రాజేసి, పొగ చచ్చేదాకా బయట చూరు కిందే ఊది, అప్పుడు లోపలికి తెచ్చాడు. పామును తలుపుకు ఆనించాడు.

మేనకోడలు సూపు తాగింది. "చాలా తేలికే," అని బాబాయ్ చేసే విధానం చెప్పబోతుంటే, "తెలుసు మావయ్యా, చిన్నప్పుడు రోజూ ఇదేగా పోశావు," అని నవ్వింది. పండ్లపెట్టెలో పడుకోబెట్టిన బిడ్డ ఏడుపు ఆపేసింది.

"చూశావా! నా గదిలోకి రాగానే ఎంత బుద్ధిమంతురాలైపోయిందో. వంశంలో నా పోలికే వచ్చింది."

మేనకోడలు నవ్వబోయి ఆగింది. పెట్టెలో బిడ్డ కళ్లు మూసుకుని ఉంది. బుగ్గలు గులాబీరంగులో మెరుస్తున్నాయి. ఇంత త్వరగా పడుకునే పిల్ల కాదది. వంగి అరికాలు గోకింది. కాలు కదల్లేదు. ఇంకా గట్టిగా గోకితే, ఎక్కడో దూరం నుంచి కబురు అందినట్టు, నెమ్మదిగా వెనక్కి లాక్కుంది.

ఆమె కణతలు నొక్కుకుంది. "మావయ్యా, కిటికీ తియ్యి."

"తియ్యడానికి అదింకా కిటికీయేంటే, గోడైపోయింది. నాలుగు వరసలు అంటించా."

"అయితే ఆ కుంపటి బయట పెట్టెయ్. తల తిరుగుతోంది నాకు."

"బాలింతవి, వానలో నడిచొచ్చావు, తిరగదా మరి? కుంపటేం చేసింది పాపం?" బాబాయ్ లేచాడు. "పొగేదీ? ఎక్కడుందో చూపించు." బిడ్డ బట్టల్లోంచి ఒక తెల్లగుడ్డ లాగి, తడిపి, పిండి, కుంపటి మీద సాగదీసి పట్టుకున్నాడు. అతని జీవితంలో ఇంత జాగ్రత్తగా ఆ పరీక్ష ఎప్పుడూ చేయలేదు. గుడ్డ వెనక నిప్పుల ఎరుపు అతని గడ్డం మీద ఆడింది. తర్వాత గుడ్డను ఆమె కళ్లముందుకు తెచ్చాడు. "ఒక్క మరక చూపించు. ఒక్కటంటే ఒక్కటి. ఇప్పుడే మొత్తం తీసుకెళ్లి వానలో పారబోస్తా."

ఆమె గుడ్డను అటూ ఇటూ తిప్పింది. తెల్లగా ఉంది. పాలలా ఉంది. అతని మొహంలోకి చూసింది. అందులో గెలుపు కంటే బతిమాలుడే ఎక్కువ ఉంది.

"నాకు చెప్పడం రాదు మావయ్యా," అంది, బిడ్డను భుజాన వేసుకుంటూ. "నా మనసు ఒప్పుకోవట్లేదు. ఈ ఒక్క రాత్రికి దర్జీ అత్త దగ్గర పడుకుంటా. నువ్వు కూడా రా."

"నేనొస్తే పాముకి తోడెవరు?"

"హాస్యం కాదు."

"ఆవిడ గురక విన్నావా ఎప్పుడైనా? మిషను నయం." నవ్వుతూనే అని, తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. "వెళ్లమ్మా. నేను చేసినవేవీ నీకు ఎప్పుడు నచ్చాయి కనుక."

"అలా అనకు. పొద్దున్నే వచ్చేస్తా, పాపకి నీళ్లు నువ్వే పొయ్యి. ఆ కాగితాలు మాత్రం చింపెయ్ మావయ్యా. నాకోసం."

"సరే, సరే. పొద్దున చూద్దాం."

ఆమె పామును కాలితో జరిపి తలుపు తెరిచింది. చల్లగాలి ఒక్కసారి లోపలికి తోసుకొచ్చింది. మెట్లు దిగి వీధిలోకి వెళ్లగానే బిడ్డ గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. వాన చప్పుడును దాటుకుని ఆ ఏడుపు మేడ మీదికి వినిపించింది.

"అదిగో, మళ్లీ మొదలెట్టింది," అనుకున్నాడు బాబాయ్ దిగులుగా. తలుపు మూసి, పామును మళ్లీ సందులోకి నెట్టాడు. ఈసారి రెండు కాళ్లతో తొక్కి మరీ నెట్టాడు.

పొద్దున వచ్చాక చూస్తుంది. తను ఎంత హాయిగా నిద్రపోయి లేచాడో చూస్తే అదే నోరు మూస్తుంది. రేపు రాత్రి ఇక్కడే పడుకుంటుంది. ఈ ఆలోచనకు అతని దిగులు కొంత తీరింది. మేనకోడలికి పొద్దున్నే పెరుగు ఉండాలి, చిన్నప్పటి నుంచీ అంతే. మిగిలిన పాలు గోరువెచ్చగా కాచాడు. వేళ్లకు వేడి తెలియదు కాబట్టి మోచేతి మీద చుక్క వేసుకుని చూశాడు. మట్టిగిన్నె లోపలంతా చెంచాడు పెరుగు పూసి, నురగ రాకుండా పాలు పోసి, మూతపెట్టి, తువ్వాలు చుట్టి, కుంపటికి జానెడు దూరంలో పెట్టాడు.

తలలో పోటు మొదలైంది. కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. నిప్పుల మీద బూడిద పలచగా పొరకట్టింది, లోపల ఎరుపు మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు వెలిగి తగ్గుతోంది. పొగ లేదు. వాసన లేదు. లేచి ఒకసారి తలుపు తీద్దామా అనిపించింది. కాళ్లు రేపు చూద్దాంలే అన్నాయి. దుప్పటిని ముడత లేకుండా గడ్డం దాకా లాక్కున్నాడు. ఎంతో మంచి నిద్ర వస్తోంది, చాలా తేలికగా.

తెల్లారేసరికి వాన వెలిసింది. మేనకోడలు పిలిచింది, తలుపు కొట్టింది. తోస్తే తలుపు కాస్త లొంగి, మెత్తగా దేనికో తగిలి ఆగింది. దర్జీ అక్క వచ్చి, గుమ్మం పక్కనున్న కిటికీ కాగితాలు పీకబోయింది. గోళ్లు విరిగాయే కానీ పట్టీ ఊడలేదు. చివరికి కత్తెర పిడితో అద్దం పగలగొట్టింది. ఆ సందులోంచి వెచ్చటి గాలి ఆమె మొహానికి తగిలింది. ఇద్దరూ కలిసి భుజాలతో తోస్తే తలుపు తెరుచుకుంది.

బాబాయ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పరుగెత్తి వచ్చిన పిల్లాడి బుగ్గల్లా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. దుప్పటి మీద ఒక్క ముడత లేదు.

"చాల్లే బాబాయ్, లే," అంది దర్జీ అక్క గుమ్మంలోంచే. "నీ వేషాలు నాకు తెలీవా? పిల్ల భయపడుతోంది, లే."

కాసేపు నిజంగానే ఎదురుచూసింది. తర్వాత మంచం దాకా వెళ్లి అతని చేయి పట్టుకుంది. వెంటనే వదిలేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు జారగిలబడింది.

మేనకోడలు బిడ్డను గట్టిగా పొదువుకుని, తెరిచిన తలుపు దగ్గర, గాలిలో నిలబడింది. బిడ్డ ఏడుస్తోంది. ఏడవనిచ్చింది. వీధిలోంచి ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు. వాళ్లు మంచం చుట్టూ చేరాక, ఆమె చల్లారిన కుంపటి పక్కన కూర్చుని, తువ్వాలు విప్పి, మూత తీసింది. మట్టిగిన్నెలో పెరుగు అంచుల దాకా తెల్లగా, నున్నగా తోడుకుని ఉంది. గిన్నెను పక్కకు వంచినా అది కొంచెం కూడా కదల్లేదు.