కార్డులో పడ్డ సూదులు

ఉల్లిగడ్డలు కోసే చోట ఆడవాళ్లకు ఒక సుఖం ఉంది, ఎవరెందుకు ఏడుస్తున్నారో ఎవరూ అడగరు. తిరుమల కత్తిపీట ముందు కూర్చుని గంటయింది. సకల జనుల సమ్మె మొదలయ్యాక మేడిపల్లి రోడ్డు మీద వంటావార్పు ఇది మూడోసారి. మగవాళ్లు టెంటు కింద కుర్చీలేసుకుని నినాదాలిస్తారు. ఆడవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి రెండు వందల మందికి వండి వడ్డిస్తారు. మరి సమ్మె ఎవరికయ్యా అంటే, వంటకు మాత్రం కాదు. పొయ్యి చోటు మారిందంతే.

"నీ మనుమరాలు రాలేదేంది?" అని తిరుమల ఊరికే అడిగింది.

పక్కన బియ్యం ఏరుతున్న ముత్తమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "జరం. పొద్దుగాల సూస్తే మొకం నిండ తట్టు లేసింది."

తిరుమల చేతులు ఆగిపోయాయి. మొన్న ఇదే రోడ్డు మీద ముత్తమ్మ మనుమరాలూ తన కూతురు గంగోత్రీ ఒకే విస్తరిలో తిన్నారు.

తిరుమల ఆ ఊరి ఆశా కార్యకర్త. కొంగుతో చేతులు తుడుచుకుని నర్సు శాంతకు ఫోన్ చేసింది. "సమ్మె మాకు గని సూదులకు లేదు. మధ్యాహ్నం అంగన్‌వాడీకి మందు పట్టుకొని అస్త," అంది శాంత. "ఆ పిల్లతోటి కలిసి ఆడినోళ్లకు మూడు రోజులల్ల సూది పడితే చాన మట్టుకు కాపాడుకోవచ్చు. ఇంతవరకు వేయించుకోనోళ్ల పేర్లు రాసిపెట్టు." పెట్టేసే ముందు నవ్వింది. "నీ బిడ్డకు అయినయ్ గద, నీకేం రంది!"

తిరుమల నోటుబుక్కులో ఐదు పేర్లు రాసింది. ఆరో పేరు దగ్గర పెన్ను కదలలేదు.

గంగోత్రికి నెలన్నరప్పుడు సూది వేయిస్తే తొడ మీద గడ్డ కట్టి చీము పట్టింది. డాక్టరు కోసి కట్టు కట్టాడు, పదిహేను రోజుల్లో మానింది. మానిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. "ఆడివిల్ల కాలు కుంటైతె ఎవడు చేసుకుంటడే?" అని అత్త చిన్నవ్వ తిరుమల చేయి పట్టుకుని పిల్ల నెత్తి మీద పెట్టించింది, ఇక ఒక్క సూది వేయించనని ఒట్టు వేయించుకుంది. భర్త మధుకర్, ప్రైవేటు బడిలో సారు, గుమ్మంలో కూర్చుని పేపరు పేజీ తిప్పాడు. చదువుకున్నదానివి, ఒట్టుకు భయపడ్డావా అని ఎవరైనా అడగవచ్చు. పరాయి పిల్ల నెత్తయితే తనూ నవ్వేదే. తన పిల్ల నెత్తి మెత్తగా, వెచ్చగా అరచేతికి తగిలింది. ఆ వెచ్చదనానికే భయపడింది.

నిరుడు మధుకర్ పనిచేసే బడిలోనే గంగోత్రిని వేస్తామంటే టీకాల కార్డు అడిగారు. "కార్డులన్ని నీ దగ్గరనే ఉంటయ్ గద, రాసెయ్యి," అన్నాడు మధుకర్, టీ చల్లారిందని గ్లాసు ఆమె చేతికే తిరిగి ఇస్తూ. "ఆశా బిడ్డకే కార్డు లేదంటె నా ఇజ్జత్ ఏం గావాలె?" తిరుమల రాసింది. వేర్వేరు రోజుల్లో రాసినట్టు కనిపించాలని మూడు పెన్నులు మార్చింది. తనను నమ్మి శాంత వదిలిపెట్టిన రిజిస్టరులోనూ గుర్తులు పెట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. వెనక గల్లీ జోహరా బీ తన మనుమరాలు సిద్రాకు సూది వద్దని మొండికేస్తే, ఆ కార్డే తీసి చూపించింది. "నా బిడ్డకు ఇప్పియ్యకుంట నీ బిడ్డకు ఇప్పిస్తనా?" జోహరా బీ కార్డు వైపు చూడలేదు, తిరుమల ముఖంలోకి చూసి సిద్రాను ముందుకు తోసింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డదని తన మీద తనే చాలాసార్లు నవ్వుకుంది తిరుమల. ఈ రోజు నవ్వు రాలేదు.

టెంటు దగ్గరికి వెళ్లి మధుకర్‌ను పక్కకు పిలిచింది. విషయం చెప్పింది.

"కార్డుల ఉన్నది గద," అన్నాడు.

"కార్డుల ఉన్నది. ఒంట్ల లేదు."

"మెల్లగ మాట్లాడు." అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడు బయటపెడితె నీ పని వోతది, నా పరువు వోతది. అమ్మకు ఒట్టేసినవ్ గూడ. పిల్లకు ఏం గాదు. ఇది ఇంట్ల ముచ్చట, రోడ్డు మీద వద్దు."

మైకు కోసం ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. తిరుమల రోడ్డు వైపు చూసింది. అన్నం వండే డేగిసాలు, గంటెలు, ముత్తమ్మ చేట, తను కోసిన ఉల్లిగడ్డల గుట్ట. వంట రోడ్డు మీదికి రావచ్చునట, ఇంటి ముచ్చట మాత్రం రాకూడదట. ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ భయమనుకున్నదాంట్లో సగం కోపమేనని అప్పుడు తెలిసింది.

ఇంటికి వెళ్లి గంగోత్రిని ఎత్తుకుంది. చిన్నవ్వ అడ్డం వచ్చింది. "యాడికే?"

"సూదికి."

"బిడ్డ నెత్తి మీద ఒట్టు! దానికేమన్న అయితె?"

"తట్టు లేస్తె అయ్యేది గూడ దానికే అత్తమ్మా. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన." పిల్లను చంక మార్చుకుంది. వాకిలి దాటేదాకా వెనక్కి చూడలేదు.

అంగన్‌వాడీలో శాంత మందు కలుపుతోంది. కలిపాక నాలుగు గంటలే పనికొస్తుంది. వచ్చినవాళ్లలో ఒక చిన్న తల్లి బిడ్డను వదలకుండా ఏడుస్తుంటే, సిద్రాను పక్కన నిలబెట్టుకుని జోహరా బీ ధైర్యం చెబుతోంది. "డరో మత్ బేటీ. ఇగో, తిరుమల తన బిడ్డకే ఇప్పిచ్చింది. నాకు కార్డు గూడ సూపిచ్చింది."

శాంత తల ఎత్తింది. "గంగోత్రిని పట్టుకచ్చినవా? మంచిదే, ఇప్పుడు రెండో డోసు గూడ ఇస్తున్నం." రిజిస్టరు తిప్పి ఆ పేరు దగ్గర పెన్ను పెట్టింది. "రెండోది అని రాస్త."

ఎంత తేలిక! ఊ అంటే చాలు. సూది పడుతుంది, పని ఉంటుంది, ఇల్లు ఉంటుంది. కార్డులో ఉండి ఒంట్లో లేని మిగతా సూదులు మాత్రం ఇక ఎప్పటికీ పడవు. జోహరా బీ తిరుమల ముఖాన్ని అలాగే నమ్ముతూ ఉంటుంది.

టెంటులో మధుకర్ గొంతు మైకులో ఖంగుమంది. "మన బతుకు మీద మనకే హక్కు!" చప్పట్లు మోగాయి.

తిరుమల గంగోత్రి నెత్తి మీద చేయి పెట్టింది. అదే మెత్తదనం, అదే వెచ్చదనం.

"ఆ తారీఖులన్ని నేను ఇంట్ల కూసోని రాసినయి," అంది, అందరికీ వినబడేలా. "రెండోది కాదు సిస్టర్. మొదటిది అని రాయుండ్రి."