తిరగేసి గీసిన మయిలు

మా ఆయన ఈశ్వరన్ చేతిలో చెక్క చెక్కే రౌటర్ మెషిన్ పెట్టింది నేనే. ఆ తర్వాత జరిగినదానికి ఎవరినైనా తిట్టాలంటే ముందు నన్నే తిట్టాలి. కానీ నేను తిట్టింది ఆయన్ని. నోరు నాకుంది, ఓర్పు ఆయనకుంది, మా కాపురం ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాం.

కోవిల్‌పట్టిలో స్పీకర్ బాక్సులు చేసే షెడ్డు మాది. మా నాన్న పెట్టి పోయింది. పెళ్ళిళ్ళకూ అమ్మవారి కొడై జాతరలకూ పాటలు పెట్టే రేడియోసెట్టు వాళ్ళు మా దగ్గరికే వస్తారు. ప్లైవుడ్ కోసి, జిగురు పూసి, మరలు బిగించి, నల్లరంగు కొట్టి, చివరికి ముందు పలక మీద వాళ్ళ గుర్తు చెక్కి ఇస్తాం. వాళ్ళ ప్రాణమంతా ఆ గుర్తు మీదే ఉంటుంది. ఒకడికి సింహం కావాలి, ఒకడికి త్రిశూలం, ఇంకొకడికి తన పేరు చుట్టూ మంటలు. పాట ఎలా వినిపిస్తుందో తర్వాత సంగతి, గుర్తు మాత్రం వీధి చివరి నుంచి కనపడాలి.

ఈశ్వరన్ పుట్టుకతో చెక్కపని వాడు కాదు. అరుప్పుక్కోట్టైలో చేమగ్గం మీద బుటా చీరలు నేసినవాడు. చుట్టూ పవర్‌లూములు వచ్చిపడ్డా మొండిగా లాక్కొచ్చాడు. చివరికి మగ్గం విప్పేసి నాతో మా ఊరు వచ్చాడు. అప్పటినుంచి నా షెడ్డులో గరుకు ఉప్పు కాగితంతో చెక్క రుద్దడం, కారిన జిగురు తుడవడం, టీ తేవడం, ఇదే. ఎవరైనా వచ్చి ఓనరు ఎవరని అడిగితే నా వైపు చెయ్యి చూపించి పక్కకు తప్పుకునేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండేదో నాకే తెలిసేది కాదు.

ఇలా ఉండగా విరుదునగర్‌లో ఒక పప్పుల గోడౌన్‌కు వాచ్‌మన్ కావాలని ఆయన చిన్నాన్న కొడుకు కబురు తెచ్చాడు. రాత్రి కాపలా. తిండీ పడకా అక్కడే, ఎప్పుడో సెలవు దొరికితే ఇంటికి. ఈయనగారు సరేననేసి, ఆ తర్వాత నాకు చెప్పాడు.

"ఏమయ్యా, ఈడ అన్నానికి లేకనా ఆడికి పోయేది?" అన్నాను.

"అన్నానికి కాదు గాంధిమతి. ఈడ నాకంటా ఒక పని లేదు. నువ్వు చేసే పని పక్కన నిలబడుకోని ఉండాను, అంతే."

మెత్తగా అన్నాడు. ఆయన లేని ఇల్లు తలుచుకుంటే భయం వేసింది, ఆ భయాన్ని కోపం చేసి రెండు గిన్నెలు గట్టిగా తోమాను.

ఆ వారమే విరుదునగర్ నుంచి వేలాయుదం ఫోన్ చేశాడు. కొత్తగా రేడియోసెట్టు పెట్టిన కుర్రవాడు. రెండు పెద్ద బాస్ బాక్సులు కావాలి, రెండింటి మీదా మురుగన్ ఎక్కే నెమలి, మా ఊళ్ళ మాటలో మయిలు, ఉండాలి, వాళ్ళమ్మ కోరిక అది. బాగుంటే సెట్టులో మిగతా బాక్సులన్నీ మాకే ఇస్తానన్నాడు. క్యాలెండర్‌లోని మయిలు బొమ్మ ఒకటి వాట్సాప్‌లో పంపాడు. నాకు మణికట్టు వాచి, మెషిన్ పట్టుకుంటే ప్రాణం పోతోంది. అప్పుడు తట్టింది నాకు.

"ఈ మయిలు నువ్వు చెక్కు," అన్నాను ఈశ్వరన్‌తో. "బాగా వచ్చిందంటే ఇంకమీద గుర్తులన్నీ నీవే. నేను వేలు పెట్టను. రాలేదంటే నేనే నిన్ను గోడౌన్‌కి బస్సు ఎక్కిస్తా."

"మాట మార్చకూడదు," అన్నాడాయన. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో కాస్త వెలుగు చూశాను.

పనికిరాని ముక్కల మీద నేర్పించాను. ముందు గట్టి అట్ట మీద బొమ్మ గీసి అచ్చు కోసుకోవాలి. దాన్ని పలక మీద బిగించి, అచ్చు అంచు వెంట మెషిన్ నడిపితే చెక్కలో గాడి పడుతుంది. మెషిన్ అరుపుకు బెదిరితే చెయ్యి జరిగి గాడి వంకర పోతుంది. ఈశ్వరన్ బెదరలేదు. నాలుగు పక్కలా పవర్‌లూములు కొట్టుకుంటుంటే మధ్యలో కూర్చుని చేమగ్గం నేసినవాడికి ఈ అరుపు ఒక లెక్కా.

సాత్తూరులో మా అక్క మనవరాలికి చెవులు కుట్టించారు. నేను వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చాను. వచ్చేసరికి బాక్సులు రెండూ బిగించి, నల్లరంగు కొట్టి, గాళ్ళలో నీలమూ బంగారు రంగూ నింపి గోడకు ఆనించి ఉన్నాయి. చేతిలో సంచి కూడా దించకుండా అలాగే నిలబడిపోయాను. మయిలు ఈకల్ని ఆయన నున్నగా గీయలేదు. బుటా నేసినట్టు మెట్లు మెట్లుగా తీశాడు. ప్లైవుడ్ మీద జరీ నేసినట్టుంది. నా చేత్తో ఈ జన్మలో అలా రాదు. కొంచెం కుళ్ళు పుట్టింది, అంతకంటే ఎక్కువ సంతోషం కలిగింది.

ఫోను తీసి వేలాయుదం బొమ్మ పక్కన పెట్టి చూసుకుందును కదా, బొమ్మలో మయిలు ఎడమ పక్కకు చూస్తోంది. మా బాక్సుల మీద మయిలు కుడి పక్కకు చూస్తోంది. రెండింటి మీదా.

ఎందుకలా అయిందో నాకు వెంటనే అర్థమైంది. మా వాళ్ళ మగ్గం మీద బుటా చీర మంచి ముఖం కింది పక్క ఉంటుంది. నేసేవాడికి కనిపించేది వెనక ముఖం. కుడికి చూసే హంస కావాలంటే, ఎడమకు చూసే హంసను నేయాలి. ఈశ్వరన్ చిన్నప్పటినుంచి ఏ బొమ్మ చూసినా ముందు తలలో తిరగేసుకుని, ఆ తర్వాతే చెయ్యి కదిపాడు. చెక్కకు అలాంటి తిరకాసు లేదు, చూసింది చూసినట్టే చెక్కాలి. ఆ ముక్క ఆయనకు చెప్పాలని నాకు తోచనే లేదు.

అర్థమైతే మాత్రం నోరు ఆగుతుందా.

"కండ్లు యాడ పెట్టుకోని గీసినావయ్యా?"

ఆయన ఫోను చూశాడు, బాక్సు చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు. "తిరగేసినాను. తిరగేసినట్టు నాకే తెలియలా," అన్నాడు.

"పో, ఆ గోడౌన్‌కే పో. ఆడ ఎవరూ కుడి ఎడమ అడగరు."

అన్నాక నాలుక కొరుక్కున్నాను. ఆయన లోపలికి వెళ్ళి చొక్కాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

వాళ్ళ ఊరి పండగకు బాక్సులు మర్నాడు పొద్దున ఇచ్చెయ్యాలి. పలకలు మార్చే వ్యవధి లేదు. మాకు బాడుగకు తోలే ఇసక్కి తెల్లారగానే తన లోడ్ ఆటో తెచ్చాడు, ఎక్కించాం. ఈశ్వరన్ సంచి కూడా ఎక్కింది. నేను ముందు కూర్చున్నాను, ఆయన వెనక బాక్సులు పట్టుకుని నిలబడ్డాడు, సంచి నా కాళ్ళ దగ్గర. సాత్తూరులో టీకి ఆగినప్పుడు ఆయనకు చెప్పాను: "ఆ పిల్లోడు అడిగితే ఇది కొత్త మోడల్ అంటాను. నువ్వు గమ్మునుండు." ఆయన టీ తాగి గ్లాసు పెట్టేశాడు. ఉండిపొమ్మని ఆ మాటతోపాటే అడిగి ఉండాల్సింది. ఇసక్కి పక్కనే ఉన్నాడు, నోరు రాలేదు.

విరుదునగర్‌లో వేలాయుదం ఇంటి ముందు బాక్సులు దించి, కప్పిన పట్టా లాగాం. వాడు రెండు అడుగులు వెనక్కి వేసి చూసి, తన ఫోను తీశాడు.

"అక్కా, మయిలు మారిపోయిందే," అన్నాడు తమిళంలో.

కొత్త మోడల్ అన్న మాట నా నోట్లోనే ఉంది, ఈశ్వరన్ ముందుకొచ్చాడు. "తప్పు నాది తంబీ. ఆమె ఊళ్ళో లేదు. నేను మగ్గం నేసినవాణ్ణి, అలవాటుకొద్దీ తిరగేసి చెక్కేశాను. పండగ కానియ్యి, పలకలు మార్చిస్తాను," అన్నాడు.

వేలాయుదానికి అర్థం కాకూడదని మా ఇంటి భాష తెలుగులో పళ్ళు కొరికాను: "నిన్ను ఎవరు నోరు తెరవమన్నారయ్యా? ఉండేదీ పోగొట్టినావు."

అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న ముసలామె తలెత్తింది. "ఏం పాప, మీరు మనవాండ్లా?"

వేలాయుదం వాళ్ళమ్మ పొన్నమ్మాళ్ ఆమె. వాడు మీసం కింద నవ్వాడు. వాడికి మొదటినుంచీ అర్థమవుతోందన్నమాట. సిగ్గుతో నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె లేచి వచ్చి, మిరప ఘాటు చేతుల్ని కొంగుకు తుడుచుకుని, ఈకల మీద వేలు పెట్టి మెట్టు మెట్టుగా తడిమింది. తర్వాత మయిలు ముఖం చూసింది.

"దీన్ని ఎవరు మార్చేది?" అంది కొడుకుతో. "కళుగుమలై కొండ గుళ్ళో మురుగన్ సామిని చూడలా నువ్వు? ఊళ్ళో ఉండే కోవిళ్ళల్లో మయిలు ఒక పక్క చూస్తే, ఆడ ఇంగో పక్క చూస్తుంది. ఎదురుగా నిలబడితే మన కుడిచేతి పక్కకి. ఇదో, ఇట్లనే. నా పుట్టినూరి మయిలు ఇది. నువ్వు యాడనో క్యాలెండర్‌లో చూసి పంపిస్తివి, నన్ను ఒక మాట అడిగినావా?"

వేలాయుదం ఫోనులో కళుగుమలై స్వామి పటం వెతికి చూశాడు. చూసి తల గోక్కున్నాడు. కళుగుమలై మా ఊరికి ఎంత దూరం కనుక. నేనెన్నిసార్లు కొండకు పోలేదు. ఎదురుగా నిలబడగానే కళ్ళు మూసుకుని కోరికలు చదివేదాన్ని, మయిలు ఎటు చూస్తే నాకేం పట్టింది.

"మిగతా బాక్సులకూ ఇదే మయిలు," అన్నాడు వేలాయుదం. నాతో కాదు, ఈశ్వరన్‌తో. "ఎప్పుడు ఇస్తారన్నా?"

ఈశ్వరన్ అలవాటుగా నా వైపు చెయ్యి చూపించబోయాడు. నేను వెనక్కి తిరిగి ఆటోలో పట్టా మడత పెట్టుకోసాగాను. కొంచెం ఆగి ఆయన గొంతు వినిపించింది. "చెక్క చూసి చెప్తాను తంబీ. ఈకలకు టైమ్ పడుతుంది."

పట్టా మడతలో ముఖం దాచుకుని నేను ఏడ్చాను. ఎవరూ చూడలేదు, ఇసక్కి తప్ప.

బండి తిరిగింది. ఈసారి ఈశ్వరన్ ముందు నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఊరు దాటక ముందే ఇసక్కితో, "గోడౌన్ వీధిలో ఒకసారి ఆపు," అన్నాడు. పొమ్మన్నది నేనే కదా, ఏ ముఖంతో వద్దంటాను. ఆయన దిగాడు. సంచి తీసుకోలేదు. మరిచిపోయాడా, మళ్ళీ వచ్చి తీసుకుంటాడా అని ఆ వీధి మలుపునే చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చినప్పుడు చేతిలో నూనె పరోటా పొట్లం ఉంది. వేడివేడిది, నూనె అరిటాకు దాటి కాగితంలోకి దిగింది.

"ఏం చెప్పినావు వాండ్లకి?" అన్నాను. గొంతు కటువుగానే వచ్చింది, నాకు వేరే గొంతు లేదు.

"రాలేనని చెప్పినాను. పని ఉండాదంటిని."

"ఏం పని?"

"నా పని," అన్నాడు ఈశ్వరన్.

పొట్లం ఆయన చేతిలోనే ఉంచి, కాళ్ళ దగ్గరి సంచి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.