నేరమంతా గొట్టానిదే

మా వర్క్‌షాప్‌లో టెలిస్కోప్‌కి ఫోకస్ పెట్టి మర బిగించేది నాన్న ఒక్కడే. కొన్నవాళ్ళు తిప్పి పాడుచేస్తారని అలా బిగించి పంపడం ఆయన పద్ధతి. ఈ చలికాలం అట్ట గొట్టాలు మానేసి అల్యూమినియంకి మారాం. అంతే, పంపినవన్నీ తిరుగుటపాలో వచ్చి పడుతున్నాయి. చుక్కలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయట.

"నా కళ్ళు పోతున్నాయేమోనే," అన్నాడు నాన్న అన్నం ముందు కూర్చుని.

మా తాతయ్యకి ఈ వయసులోనే చూపు పోయింది. నాకు భయమేస్తే కోపం వస్తుంది, ఏం చెయ్యను.

"కళ్ళకేం రోగం? నేరమంతా గొట్టానిదే. నువ్వు వెచ్చటి గదిలో కూర్చుని ఫోకస్ పెడతావు. బయట చలికి అల్యూమినియం కుంచించుకుపోయి అద్దం జరుగుతుంది. ఇంక ఫోకస్ నిలుస్తుందా?"

ఒకటి డాబా మీదకి తెచ్చి చూపించాను. దూరంగా టవర్ మీద రెండు ఎర్రదీపాలు, చలికి గొట్టం చల్లారేకొద్దీ నాకూ కలిసిపోయాయి.

"నీ నోటికి జడిసైనా ఒప్పుకోవాలి," అని నవ్వాడు నాన్న. నాకూ ప్రాణం కుదుటపడింది, కానీ పూర్తిగా కాదు. ఆ రాత్రే ఆయన టీ కప్పు బల్ల మీద పెడుతున్నాననుకుని అంచుకి అవతల పెట్టాడు.

కార్బన్ ఫైబర్ గొట్టం తెప్పించాను. అది చలికి దాదాపు కదలదు. అద్దం కూడా చల్లబడాలని మధ్యాహ్నమే బయట పెట్టి, సందెవేళ నేనే ఫోకస్ పెట్టాను. చాలాసేపు ఆగి మళ్ళీ చూశాను. దీపాలు విడివిడిగా, సూదిమొనల్లా ఉన్నాయి. గెలిచాననుకుని నాన్నని పిలిచాను.

ఆయన వంగి చూశాడు. మర వదులుచేసి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎక్కడా ఆగడే.

"ఇదీ జారిపోతోందే," అన్నాడు చివరికి. "నువ్వు చూడు. నీకూ మసకేగా?"

కన్ను పెట్టి కొద్దిగా తిప్పాను. రెండు దీపాలూ, వాటి మధ్య ఇనుప కమ్మీ కూడా తేటగా కనిపించాయి. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంకా ఆలస్యం చేస్తే ఆయనకి మిగిలిన చూపు కూడా పోతుందేమోనని భయం.

"లేదు నాన్నా. బాగా కనిపిస్తోంది. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

ఆయన చెయ్యి చాచి, వెతుక్కుని నా మణికట్టు పట్టుకున్నాడు.

"అయితే గొట్టం మంచిదే," అన్నాడు.