కుట్టుకు వదిలిన జాగా

పాత ఇల్లు పడగొట్టడానికి ఒక్క పూట పట్టింది. ఇన్నేళ్ళు నెత్తి మీద నీడై నిలబడ్డ ఇల్లు అంత సులువుగా లొంగిపోవడం టైలరక్కకు నచ్చలేదు. కాస్తయినా మొండికేస్తుందనుకుంది. వంటింటి గోడ అయితే యంత్రం సరిగ్గా తాకకముందే వాలిపోయింది. వానలకు తడిసి తడిసి అదీ విసిగిపోయినట్టుంది.

ఆ ఇంట్లోనే ఆమె తమ్ముణ్ణి పెంచింది. అమ్మా నాన్నా పోయేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు, ఆమెకు ఇరవై. కుట్టుమిషను తొక్కి వాణ్ణి చదివించింది, బస్సు డ్రైవరు ఉద్యోగం వస్తే సంతోషించింది, పిల్లను చూసి పెళ్ళి చేసింది. నువ్వెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కొలతలు కుదరలేదని నవ్వేసేది. ఇప్పుడు తమ్ముడికి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళకు తల్లి కంటే అత్త దగ్గరే గారాబం ఎక్కువ.

వేరు అనే మాట ముందు మరదలి నోటి నుంచి వచ్చింది. వంట వేరుగా ఉంటే బాగుంటుందని ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది. టైలరక్క తడుముకోకుండా సరేనంది. ఎలాగూ కప్పు కారుతోంది, మొత్తం పడగొట్టి అదే స్థలంలో పక్కపక్కనే రెండు కట్టుకుందాం అని పెద్దరికంగా తేల్చేసింది. ఆ మధ్యాహ్నం ఒక జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టింది. పనిలో చేరిన మొదటి ఏడాది తప్ప అలాంటి పొరపాటు ఆమె ఎన్నడూ చేసి ఎరగదు.

ఆమె భయమల్లా ఒక్కటే. ఇల్లు రెండయ్యాక తను వాళ్ళకు అక్కగా, అత్తగా మిగులుతుందా, పక్కింటావిడ అయిపోతుందా? ఈ మాట ఎవరితోనూ అనలేదు. అడిగితే ఇస్తారు గానీ, అడిగి తీసుకున్న ప్రేమ ఏం ప్రేమ అనే రకం ఆమె.

ప్లాను కూడా ఆమే గీసింది. ఏం కావాలో కాగితం మీద పెట్టివ్వండి చాలన్నాడు మేస్త్రీ. ఒంటి కొలతలు తీసే చేతికి ఇంటి కొలతలొక లెక్కా అనుకుని, అంగుళానికి గజం చొప్పున పాత పేపరు మీద రెండిళ్ళూ గీసిచ్చింది. మధ్యలో ఉమ్మడిగా ఒకే గోడ ఉండాలని ఆమె కోరిక. ఇటు తను మేకు కొడితే అటు వాళ్ళకు వినబడాలి. అటు పిల్లలు పోట్లాడుకుంటే ఇటు నుంచి తను కేకెయ్యాలి.

ఇల్లు లేచేదాకా తమ్ముడి కుటుంబం రెండు వీధుల అవతల అద్దెకు దిగింది. ఆమె కొట్టు వెనక గదిలో సర్దుకుంది. బడులు తెరిచే రోజులు, యూనిఫారాలు గుట్టలుగా పడి ఉన్నాయి. నెల రోజులు స్థలం వైపు తొంగిచూడ్డానికే తీరలేదు. ఆ నెలలోనే తమ్ముడు మారిపోయాడు. డ్యూటీ దిగగానే కొట్టుకొచ్చి కాళ్ళు జాపుకుని కబుర్లు చెప్పేవాడు కాస్తా, ముఖం ముడుచుకుని గుమ్మంలోంచే పలకరించి పోతున్నాడు. వీడికి అప్పుడే పరాయితనం అలవాటైపోతోందని ఆమె లోలోపల కుమిలిపోయింది.

ఒక ఆదివారం యూనిఫారాల పని ఒక కొలిక్కి రాగానే స్థలం దగ్గరికి వెళ్ళింది. గోడలు భుజాల ఎత్తుకు లేచాయి. మధ్యలో ఒక గోడ లేదు. రెండున్నాయి. రెంటి మధ్యా మనిషి చేతులు బార్లా చాచలేనంత సందు.

ఇది తమ్ముడి పనే అనుకుంది. ఎంత దూరం కావాలో వాడే మేస్త్రీకి చెప్పుకున్నాడు. ఆ ఎడం అంతా తన మీద వాళ్ళకున్న విసుగేనని ఆమెకు అనిపించింది.

సందు ఎవరు పెట్టమన్నారని మేస్త్రీని అడిగితే అతను నీళ్ళు నమిలాడు. తర్వాత అన్నం సంచిలోంచి మడతలు పడ్డ పేపరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మీరేనమ్మా. మధ్యలో ఒక్కో ఇంటికీ రెండేసి గీతలున్నాయి. ఒకటి నిండు గీత, లోపల చుక్కల గీత. గోడ చుక్కల మీద కట్టాను. అన్నదమ్ములయినా అక్కాతమ్ముళ్ళయినా మధ్యలో కాస్త ఎడం అడగడం మామూలే. ఎందుకని అడిగితే బాగుండదని ఊరుకున్నా."

టైలరక్క పేపరును తిప్పి తిప్పి చూసుకుంది. అది తన గీతే. ముప్పై ఏళ్ళ అలవాటు చొప్పున చెయ్యి తనంతట తనే రెండు ముక్కలకూ అంచున అరంగుళం కుట్టుకి వదిలేసింది. గుడ్డలో అయితే ఆ అరంగుళాలు రెండూ కలిసి కుట్టులోకి పోతాయి. ఇంటికి కుట్టేమిటి? అరంగుళం అరంగుళం కలిసి నిండా గజమైంది. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే గోడలు తడపడానికి తమ్ముడు వచ్చాడు, వెనకే మరదలు. అక్కను చూడగానే తమ్ముడు పైపు పట్టుకుని పక్కకు తిరిగాడు. ఆమె పేపరు వాడి ముందు పెట్టి సంగతంతా చెప్పింది. వాడు పేపరు వంకే చూస్తున్నాడు. పైపులోంచి నీళ్ళు వాడి చెప్పుల మీదే పడుతున్నాయి.

"నేనింకా, మేం నీకు బరువైపోయాం అనుకున్నానక్కా," అన్నాడు. "గోడ కూడా ఆనకూడదనుకున్నావని."

"అడగొచ్చుగా ఒరేయ్."

"నువ్వు అడిగావా?"

ఇద్దరిదీ ఒకటే రక్తం, ఒకటే రోగం. ఇంతలో మరదలు సందులోకి దిగింది. ముక్కుసూటి మనిషి, మాటలు తక్కువ. అటు గోడా ఇటు గోడా చేత్తో తట్టి చూసి, ఆడబిడ్డ వైపు తిరిగింది.

"పెద్దమంట మీద నా వంట, సన్నసెగ మీద మీ వంట. రోజూ ఆ పొయ్యి దగ్గరే మనకి తగువు. అందుకని వంట వేరు కావాలన్నాను వదినా. మీరు వేరు కావాలని కాదు."

ఇన్ని నెలలుగా తను ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమేనని టైలరక్కకు అప్పుడు తెలిసింది.

రెండు గోడల్లో ఒకటి తీసేయడమా అని తమ్ముడు తల గోక్కుంటుంటే, కట్టింది కూల్చొద్దంది మరదలు. సందు మీద కప్పు వేసి, ఎదురెదురుగా రెండు గోడలకూ తలుపులు పెడితే సరిపోతుంది కదా అంది. మేస్త్రీ ఆలోచించి, పెట్టొచ్చన్నాడు, గోడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ముందు ఎవరి వైపు కొట్టమంటారని అడిగాడు.

"మా వైపు," అంది మరదలు.

వెడల్పు ఎంతన్నాడు మేస్త్రీ. టైలరక్క చెయ్యి మెళ్ళో టేపు మీదికి పోయింది.

"కొలతలు మాత్రం మీరు చెప్పకండి వదినా," అంటూ మరదలు ఆమెను జబ్బ పట్టుకుని సందులోకి లాగింది. గోడకు వీపు ఆనించి, భుజానికి భుజం తగిలేలా తన పక్కన నిలబెట్టుకుంది. తర్వాత మేస్త్రీని పిలిచి, తమకు అటొక గీతా ఇటొక గీతా గియ్యమంది.